పేరడిగిన గొయ్యి

సాయంత్రం ఆరూ పదికి ఇల్జె వంటింటి మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. లోపల వంటామె అడ్యేరి రాగి ముద్ద కెలుకుతూ, ఇవాళ ఏ దారిలో పోతున్నావని అడిగింది. నాలుగో దారి అని చెప్పింది ఇల్జె.

తెడ్డు ఆగింది.

నాలుగో దారి రంపపు గొయ్యి పక్కనుంచి పోతుంది.

కాంగో సరిహద్దు పక్కన ఉన్న మా టోరో ప్రాంతంలో ఆ గొయ్యికి మంచి పేరు లేదు. దొంగతనంగా చెట్లు కోసే రోజుల్లో తవ్వినది. దుంగని గొయ్యి మీద అడ్డంగా పడేసి, ఒకడు పైన నిలబడి, ఇంకొకడు లోపలికి దిగి, పొడుగాటి రంపాన్ని మీదికీ కిందికీ లాగేవాళ్ళు. కిందివాడికి పైనేం జరుగుతోందో కనిపించదు. కళ్ళల్లో పొట్టు పడకుండా తల వంచుకునే లాగాలి. అందుకని ప్రతి కోతకీ పైవాడిని పేరుతో పిలుస్తాడు — ఇక నీ వంతు, లాగు, అని.

ఇప్పుడది సగం పూడిపోయిన గుంట. చీకటి పడ్డాక అటు పోయినవాళ్ళకి రంపం చప్పుడు వినిపిస్తుందంటారు. దానికెవరూ అంతగా బెదరరు. అడవిలో చప్పుళ్ళకేం కరువు. కానీ అకీకి అనే పేరున్నవాళ్ళకి మాత్రం రంపం మధ్యలో ఒక పిలుపు వినిపిస్తుంది. తమ పేరే. పలికారా... ఇక అంతే.

పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. మాకు ఒక్కొక్కరికీ రెండు పేర్లు. ఒకటి సొంత పేరు. దానితో పిలిచేది పోలీసులూ, బడి పంతుళ్ళూ. రెండోది ఎంపాకో, అంటే పిలుపుపేరు. మనిషిని మనిషిగా చూసి పిలవాలంటే అదే. అలాంటివి అన్నీ కలిపి డజను. ఊళ్ళో ఎంతమంది పుట్టినా ఆ డజనులోంచే పంచుకోవాలి. సంతలో ‘అకీకీ’ అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు. ఆ పేరుతో పిలిచాక పలక్కపోవడం మొహం మీద తలుపు వేసినట్టు. కొత్తమనిషి ఎదురైతే మేం మొదట అడిగేది అదే — నీ పిలుపుపేరేమిటి? విదేశం నుంచి వచ్చి లేదంటే, అప్పటికప్పుడు ఒకటి పెట్టేస్తాం.

రెండేళ్ళ కిందట ఒక ఫారెస్టు గార్డు తెల్లారేసరికి ఆ గొయ్యిలో తలకిందులుగా దొరికాడు. పిలుపుపేరు అకీకి. నోటినిండా, ముక్కునిండా రంపపు పొట్టు. పాత పొట్టు నల్లగా, బురదగా ఉంటుంది. అది ఎర్రగా, అప్పుడే కోసినట్టుంది. గుండె ఆగి పడిపోయాడని కాగితం రాశారు. నేను పనిచేసే పత్రికలోనూ అలాగే వచ్చింది.

నిరుడు చిలీ నుంచి వచ్చిన మతియాస్ అనే విద్యార్థి. అతనూ అక్కడే, అలాగే దొరికాడు. గార్డులు తొందరగా చూడబట్టి ప్రాణం నిలిచింది. మాట మాత్రం చాలా రోజులు రాలేదు. అతనికి ఇక్కడ పెట్టిన పేరు — అకీకి.

ఇల్జెకి పెట్టిన పేరూ అదే.

ఇల్జెది లాట్వియా. జీవశాస్త్రం చదువుతూ, అడవి కాపాడే కేంద్రంలో కొన్ని నెలలు జీతం లేకుండా పనిచేయడానికి వచ్చింది. ఆమె పని రాత్రి జంతువుల లెక్క. నెత్తికి దీపం కట్టుకుని దారివెంట మెల్లగా నడవాలి. కొమ్మల్లో కళ్ళు మెరిస్తే ఆగి, అదేమిటో రాసుకోవాలి. ఎక్కువగా దొరికేది పోటో. దేవాంగపిల్లికి దగ్గర చుట్టం, కదలడానికి కూడా బద్ధకించే జీవి. రాత్రంతా కళ్ళు లెక్కపెట్టి పగలంతా కళ్ళు మూస్తావు, మీ దేశంలో దీనికి డిగ్రీ కూడా ఇస్తారా అని గార్డులు ఆటపట్టించేవాళ్ళు. ఆమె నవ్వేది. ఎవరు పిలిచినా వెంటనే పలికేది. ఇక్కడికొచ్చాక ఆమె మొదట నేర్చుకున్న మర్యాద అది.

ఆమెకి పేరు పెట్టింది రుసోకె.

కేంద్రంలో దారి చూపేవాళ్ళకి అతను పెద్ద. అరవై దాటాయి. ఒకప్పుడు అదే అడవిలో దొంగచాటుగా మహాగని కోసినవాడు, తర్వాత మారాడు. చెట్లు కోసిన చేతులే చెట్లు కాపాడుతున్నాయని విదేశీయులు ముచ్చటపడి ఫోటోలు తీసుకునేవారు. అతనూ చెట్టు మీద చెయ్యి వేసి నిలబడేవాడు, ఎవరూ చెప్పకుండానే.

అతని పిలుపుపేరు కూడా అకీకే. కొత్తగా ఎవరొచ్చినా మొదటి భోజనం దగ్గర లేచి నిలబడి పేరు పెట్టేది అతనే. ఎప్పుడూ తన పేరే పెట్టేవాడు. నా పేరు నీకిచ్చాను బిడ్డా, ఇక నువ్వు నా ఇంటి మనిషివి అనేవాడు. వాళ్ళకి కళ్ళు చెమర్చేవి. డజను పేర్లలో ఈ ముసలాయనకి ఒక్కటే గుర్తుంది పాపం, అని పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

చీకటి పడ్డాక నాలుగో దారిలో రుసోకె అడుగు పెట్టగా చూసినవాళ్ళు లేరు. దారి చీలేచోటు దాకా వస్తాడు. అక్కడ మోకాలు పట్టేస్తుంది. అకీకి మోకాలికి గడియారం కట్టారు, పొద్దుగూకితే మోగుతుంది అని గార్డులు ఏడిపించేవాళ్ళు.

ఇంకొకటి. ఆ గొయ్యిని తవ్వి చదును చేసి మొక్కలు నాటాలని కేంద్రం పెద్దలు ఒకసారి అనుకున్నారు. వద్దన్నది రుసోకె. అందులో నీళ్ళు నిలుస్తాయి, ఎక్కడా లేని కప్పలొచ్చి గుడ్లు పెడతాయి, కళ్ళారా చూశానన్నాడు. శాస్త్రవేత్తలు సంబరపడ్డారు. చుట్టూ పసుపు రిబ్బను కట్టి, ఇక్కడ తవ్వరాదని బోర్డు పెట్టారు.

ఇదంతా వంటింట్లోంచి చూస్తూ ఉన్నది అడ్యేరి. నాకీ కథ చెప్పిందీ ఆమే.

ఆమె మొగుడు అమోటి, రుసోకెకి రంపం జోడీ. రుసోకె పైన, అమోటి కింద. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం అమోటి ఇంటికి రాలేదు. ఫారెస్టువాళ్ళు దాడి చేశారు, చెరో దిక్కు పరిగెత్తాం, వాడు సరిహద్దు దాటి కాంగోలో ఇంకో ఆడమనిషి పంచన చేరాడు — అని రుసోకె చెప్పాడు. ఊరు నమ్మింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, కాంగో నుంచి కబురేమైనా వచ్చిందా అడ్యేరీ, అక్కడి ఆవిడ వంట నీకంటే బాగుంటుందటగా, అనేవాళ్ళు. ఆమె కూడా నమ్మింది. అన్నేళ్ళూ మొగుణ్ణి తిట్టుకుంటూనే పదిమందికి వండిపెట్టింది.

నిరుడు మతియాస్‌కి మాట వచ్చినప్పుడు పక్కన ఉన్నది ఆమే. గంజి తాగిస్తోంది. అతను గొంతులోనే చెప్పాడు. గొయ్యిలో ఎవరో ఉన్నాడు. రంపం ఆగినప్పుడల్లా పిలుస్తున్నాడు...

“అకీకీ, దుంగ ఎత్తు. అకీకీ... నేనింకా ఉన్నాను.”

అడ్యేరి గిన్నె కడిగి బోర్లించింది. ఆ గొయ్యిలో నిలబడి పైవాడిని అకీకి అని పిలిచిన మనిషి, ఆమెకి తెలిసి, ఒక్కడే. అతను కాంగో వెళ్ళలేదు. వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ రుసోకె తన పేరే ఎందుకు పెడుతున్నాడో కూడా ఆమెకి ఆ రోజే తెలిసింది. గొయ్యి అకీకిని అడుగుతోంది. ఇంకో అకీకి దొరికితే అతనికి ఇంకో ఏడాది.

పోలీసులకి చెప్పలేదేమని నేనడిగాను. మాట సరిగా రాని కుర్రాడు గంజి తాగుతూ అన్నమాట పట్టుకుని పోతే ఎవరు వింటారు, అంది. ఆ తర్వాత ఆమె చేసింది ఒక్కటే — నాలుగో దారి ఇంకో అకీకి వంతుకి వచ్చేదాకా ఆగడం.

ఆ సాయంత్రం వచ్చింది.

అడ్యేరి తెడ్డు పక్కన పెట్టి ఇల్జెని లోపలికి పిలిచింది. ఇంకా వాడని కొత్త బుట్ట తీసి, అందులో వేడి ముద్ద పెట్టి, ఒక తునక తుంచి చేతికిచ్చింది. పసిపిల్లలకి పేరు పెట్టేటప్పుడు పెద్దవాళ్ళు చేసే పని అది. ఇల్జెకి తెలియదు. ఆకలిగా లేదంది.

“తిను తల్లీ. అకీకి అన్న పేరు ఈ పొయ్యి దగ్గర తీసేశాను. ఇది మింగాక నువ్వు అమోటివి.”

ఇల్జె నవ్వి, ఎందుకని అడిగింది. నాకా పేరంటే ఇష్టం అని చెప్పింది అడ్యేరి. తర్వాత గొంతు తగ్గించింది.

“దారిలో ఎవరైనా పేరడిగితే కొత్తదే చెప్పు. ఇంకేమైనా అడిగితే... ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

రుసోకె బయటినుంచి దగ్గాడు, పొద్దుపోతోందని.

ఇద్దరూ చీలిక దాకా కలిసి నడిచారు. అక్కడ అతను వేరు మీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు. ఒక్కరే వెళ్ళకూడదని నియమం ఉంది కదా అని ఇల్జె గుర్తుచేసింది. నియమాలు కాలు నొప్పి లేనివాళ్ళు రాస్తారన్నాడు రుసోకె. తను వెనక్కిపోయి వంటింట్లో టీ తాగుతుంటానన్నాడు.

“ఒంటరివేం కాదు బిడ్డా. నా పేరు నీ వెంట ఉందిగా.”

ఆమె తలూపి ముందుకు నడిచింది.

మా వైపు పొద్దుగూకడం అంటే దీపం ఆర్పినట్టే. గొయ్యి దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా చీకటి. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరిచిన కీచురాళ్ళు... ఒక్కసారిగా ఆగిపోయాయి.

కొమ్మల్లో ఒక్క కన్ను లేదు.

ఆమె ఆగి దీపం తిప్పింది. పసుపు రిబ్బను. బోర్డు. దాని వెనక గుంట, పైన కమ్మిన నాచుమొక్కలు.

అప్పుడు వాసన వచ్చింది. పచ్చి చెక్క వాసన.

తర్వాత చప్పుడు. మీదికి... కిందికి... మీదికి... కిందికి. తొందర లేదు. పనిలో ఉన్న మనిషి లాగే తీరు.

దొంగలు చెట్టు కోస్తున్నారనుకుంది ఇల్జె. అలాంటివి కనిపిస్తే కేంద్రానికి చెప్పాలి. ఎక్కడ కోస్తున్నారో చూద్దామని ఒక అడుగు వేసింది. చప్పుడు చుట్టుపక్కల ఎక్కడినుంచీ కాదు. కాళ్ళ కిందినుంచి వస్తోంది.

రంపం ఆగింది.

“నీ పిలుపుపేరేమిటి?”

మగగొంతు. గొయ్యిలోంచి. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. ఎవరో గుంటలో పడ్డారని ఆమె అనుకుంది. అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను, అని తర్వాత ఫోనులో నాతో అంది.

“అమోటి,” అని చెప్పింది.

దీపం వెలుగులో నాచుమొక్కలు కదల్లేదు. గుంటలోంచి ఊపిరి మాత్రం వినిపించింది — లోపలికి పీల్చడమే, బయటికి వదలడం లేదు.

“మరి... అకీకి ఏడి?”

ఉన్నది ఉన్నట్టు చెప్పమంది కదా అడ్యేరి. మోకాలు నొప్పని వెనక్కి వెళ్ళాడనీ, వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటాడనీ చెప్పింది ఇల్జె. సాయం కావాలా అని కూడా అడిగింది.

గొయ్యి చుట్టూ ఉన్న రిబ్బను, గాలి లేకుండానే, ఎవరో పొట్టతో నెట్టినట్టు బిగుసుకుంది. తెగింది.

ఆమె పరిగెత్తలేదు. పరిగెడితే వెనక ఎవరో ఉన్నారని ఒప్పుకున్నట్టవుతుంది అనిపించిందట. వేగంగా నడిచింది. కీచురాళ్ళు ఆమె వెనక మళ్ళీ మొదలయ్యాయి. ముందు మాత్రం... ఆమెకంటే ముందు, కేంద్రం వైపు, ఒక్కొక్క చెట్టే నిశ్శబ్దమైపోతూ పోయింది.

వంటింట్లో నలుగురున్నారు. బలిండా అనే గార్డు తోటి గార్డుతో వామనగుంటలు ఆడుతున్నాడు. గింజలు దొంగిలిస్తున్నావని ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. పొయ్యి పక్కన రుసోకె టీ తాగుతున్నాడు. అడ్యేరి గిన్నెలు తోముతోంది.

తలుపులో ఇల్జె కనబడగానే రుసోకె చేతిలో కప్పు గాల్లో నిలిచిపోయింది. ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు.

“ఎవరైనా... పిలిచారా బిడ్డా?”

పిలవలేదు, పేరడిగారని చెప్పింది ఇల్జె. ఏం చెప్పావన్నాడు. అమోటి అని చెప్పానంది.

రుసోకె తల తిప్పి అడ్యేరిని చూశాడు. ఆమె గిన్నె తోముతూనే ఉంది.

“తర్వాత మీ గురించి అడిగారు,” అంది ఇల్జె. “ఇక్కడున్నారని చెప్పాను. చెప్పకూడదా?”

వంటింటి వెనక, అరటిచెట్ల దగ్గర, రంపం మొదలైంది.

గార్డులిద్దరూ తలలెత్తారు. ఇంత దగ్గరికి వచ్చి కోస్తున్నారా, ఎంత ధైర్యం అంటూ బలిండా తుపాకీ కోసం చెయ్యి చాచాడు. వాళ్ళకి వినిపించింది రంపమే. అడ్యేరికి వినిపించిందీ రంపమే. కానీ ఆమె చప్పుడు వైపు చూడటం లేదు. రుసోకెనే చూస్తోంది.

అతను కప్పు కింద పెట్టి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

రంపం ఆగింది. అతని భుజాలు అదిరాయి.

మళ్ళీ లాగింది... ఆగింది. మళ్ళీ అదిరాయి. కళ్ళలోంచి నీళ్ళు వేళ్ళ మీదికి కారుతున్నాయి. పలకలేదు. పద్దెనిమిదేళ్ళు పలక్కుండా ఉన్నవాడు.

అడ్యేరి చేతులు తుడుచుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. రోజూ అన్నానికి పిలిచినట్టే, మెత్తగా పిలిచింది.

“అకీకీ.”

“ఊఁ,” అన్నాడు రుసోకె.

పుట్టినప్పటి అలవాటు. చేతులు అడ్డం ఉన్నా ఆగలేదు. వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది.

బయట రంపం ఆగిపోయింది.

అతను చేతులు దించాడు. ఆమెని ఒకసారి చూసి లేచాడు. దీపం తీసుకోలేదు, చెప్పులు తొడుక్కోలేదు, కుంటలేదు. మామూలుగా, పనికి పోతున్నవాడిలా తలుపు దాటి వెళ్ళాడు. బలిండా టార్చి పట్టుకుని వెంటపడ్డాడు. అరటిచెట్ల దాకా కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఆ పైన లేవు.

తెల్లారాక దొరికాడు. ఎక్కడో, ఎలాగో చెప్పక్కర్లేదు. ఈసారి పొట్టు గొంతులోకీ దిగిందని ఆసుపత్రిలో అన్నారు.

ముగ్గురు ఒకే గుంటలో ఒకే తీరున దొరికేసరికి పోలీసులు బోర్డు పీకేసి తవ్వించారు. కప్ప ఒక్కటీ లేదు. అడుగున ఒక మనిషి ఎముకలు. తొడల మీద అడ్డంగా దుంగ. నలిగినవి కాళ్ళు మాత్రమే. పుర్రె, ఛాతీ, చేతులు అన్నీ చెక్కుచెదరలేదు. చేతులు పైకెత్తి ఉన్నాయి. అంటే దుంగ పడ్డాక కూడా మనిషి బతికే ఉన్నాడు, పిలవగలిగే స్థితిలో ఉన్నాడు. పైనుంచి పొట్టు పారతో పోసి, తొక్కి, కప్పేశారు. ఆ పిలుపులు గార్డులు వింటారని రుసోకె భయపడి ఉంటాడని తవ్వించిన అధికారి నాతో అన్నాడు. రాసుకున్నాను.

అడ్యేరి మొగుడికి మట్టి చేసింది. అన్నేళ్ళు కాంగో కబుర్లడిగిన ఆడవాళ్ళందరూ వచ్చారు. ఆమె వాళ్ళని కూర్చోమనలేదు.

ఇల్జె వెళ్ళిపోయింది. నేను ఫోను చేస్తే అంతా అలాగే చెప్పింది, ఒక్క మాట అదనంగా. ఆ గొంతు తనని బెదిరించలేదట. చాలా మర్యాదగా అడిగిందట.

కేంద్రానికి వెళ్ళినప్పుడు నేను అడ్యేరిని ఒకటే అడిగాను. నువ్వు పెట్టిన పేరు ఆ గొయ్యి ఒప్పుకోకపోతే ఆ పిల్ల ఏమయ్యేది?

ఆమె నా కప్పులో టీ పోసింది.

“ఆ రాగి ముద్ద పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు,” అంది. “చేసింది కదా.”

పది రోజుల తర్వాత బలిండా మా ఫోర్ట్ పోర్టల్ పట్నంలో కనిపించాడు. వేరే అడవికి బదిలీ అడగడానికి వచ్చాడు. పెదవి చిట్లి ఉంది. నాలుగో దారిలో రంపం మళ్ళీ మొదలైందన్నాడు. ఈసారి గొంతు ముసలిది. పిలిచే పేరు వేరు. అది తన పిలుపుపేరు కూడా కాబట్టి తనకి వినిపించిందట. పలక్కుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటూ పరిగెత్తాడు.

ఏం పేరని అడిగాను.

“అడ్యేరి,” అన్నాడు.

వంటామెకి చెప్పావా అన్నాను. ఆ రాత్రే చెప్పాడట. మర్నాడు కొరియా నుంచి ఇద్దరు విద్యార్థినులు దిగారు. రుసోకె లేడు గనక పేర్లు పెట్టే పని ఇప్పుడు ఆమెది. మొదటి భోజనం దగ్గర కొత్త బుట్టలో రాగి ముద్ద తెచ్చి, లేచి నిలబడి, ఇద్దరికీ పేరు పెట్టింది.

ఇద్దరికీ తన పేరే పెట్టింది.